తెర మీద బొమ్మ ఎందుకు తెగుతుంది?

1980ల చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో టీవీ ఉన్న ఇంటికి రెండు పనులు తప్పేవి కావు. డాబా మీద పొడుగాటి గొట్టానికి బిగించిన యాంటెన్నాను అటూ ఇటూ తిప్పడం ఒకటి. బొమ్మ నిలవకుండా పైకి దొర్లిపోతుంటే సెట్టు వెనక చెయ్యి పెట్టి ‘వి-హోల్డ్’ అని రాసి ఉన్న నాబును మెల్లగా సవరించడం రెండోది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు, ఒక బొమ్మ ఎక్కడ ముగిసిందో, తర్వాతి బొమ్మ ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంకేతం టీవీకి సరిగా అందేది కాదు. ఆ సంకేతం పేరు వర్టికల్ సింక్. వాడుకలో వీ-సింక్.

ఇప్పటి తెరలకు ఆ నాబు లేదు. వీ-సింక్ అవసరం మాత్రం పోలేదు. చేతిలోని ఫోనుకూ, కాలేజీ ల్యాబులోని కంప్యూటరుకూ, బల్ల మీది మానిటరుకూ అది కావాల్సిందే. అది తప్పినప్పుడు బొమ్మ దొర్లిపోదు, తెగుతుంది.

ఎలా తెగుతుందో దగ్గరగా చూడాలంటే వార్తా చానళ్లలో అడుగున పరిగెత్తే స్క్రోలింగును గమనించాలి. కంప్యూటరులో ఆ చానల్ నడుస్తోంది, స్క్రోలింగులో ‘గుంటూరు మిర్చి’ అన్న మాట ఎడమవైపుకు జరుగుతోంది అనుకుందాం. ఒక్కో రిఫ్రెష్‌కు (అంటే తెర బొమ్మను ఒక్కసారి తిరిగి గీసేసరికి) అది 8 పిక్సెళ్లు కదులుతోంది. తెర సగం గీసి ఉండగానే కంప్యూటరు కొత్త బొమ్మను అందించిందంటే, బొమ్మ మారిన చోట ఒక అడ్డగీత ఏర్పడుతుంది. ఆ గీతకు పైభాగం పాత బొమ్మది, కింది భాగం కొత్త బొమ్మది అవుతుంది. గీత సరిగ్గా అక్షరాలకూ వత్తులకూ మధ్యగా పోతే, పైన ‘రి’ ఉన్నచోటే ఉంటుంది, దాని కింద ఉండాల్సిన ‘చ’ వత్తు 8 పిక్సెళ్లు ఎడమకు జరిగి కనిపిస్తుంది. సెకనులో అరవయ్యో వంతులో అది మాయమైపోతుంది కాబట్టి కన్ను దాన్ని పట్టుకోలేదు. ఏదో అదిరినట్టు, చిరిగినట్టు మాత్రం అనిపిస్తుంది. దీన్నే స్క్రీన్ టేరింగ్ అంటారు.

ఇలాంటిది కనబడగానే చాలామంది ‘సిస్టం స్లో అయిపోయింది’ అంటారు. ర్యామ్ పెంచమనో, గ్రాఫిక్స్ కార్డు మార్చమనో సలహాలు వస్తాయి. డబ్బు ఖర్చవుతుంది, చిరుగు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే లోపం వేగంలో లేదు, వేళలో ఉంది. యంత్రం ఎంత వేగంగా గీసినా, తప్పుడు క్షణంలో అందిస్తే బొమ్మ తెగుతుంది. పాత యంత్రమైనా సరైన క్షణంలో అందిస్తే బొమ్మ చెక్కుచెదరదు.

సెకనుకు అరవై సార్లు

తెర బొమ్మనంతా ఒక్కసారిగా చూపించదు. పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా గీసుకుంటూ అడుగుకు వస్తుంది, మళ్లీ పైకి వెళ్తుంది. పాత టీవీల్లో ఈ పని ఎలక్ట్రాన్ పుంజం చేసేది. అడుగుకు చేరిన పుంజం పైకి తిరిగి వెళ్లడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో తెర మీద ఏమీ గీయరు. దాన్ని వర్టికల్ బ్లాంకింగ్, క్లుప్తంగా వీ-బ్లాంక్ అన్నారు. ఇప్పటి ఎల్‌సీడీ తెరల్లో పుంజం లేకపోయినా బొమ్మ వరుసవరుసగానే వెళ్తుంది, ఆ విరామమూ మిగిలే ఉంది.

మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటరు లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. అందులో కనిపించే వరుసలు 1080. కానీ యంత్రం లెక్కలో ఒక బొమ్మకు 1125 వరుసలు. మిగిలిన 45 కనబడని వరుసలే వీ-బ్లాంక్. సెకనుకు 60 బొమ్మలు కాబట్టి ఒక్కో బొమ్మకు 16.67 మిల్లీసెకన్లు, ఒక్కో వరుసకు సుమారు 14.8 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ 45 వరుసల విరామం మొత్తం కలిపి మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే. పాత బొమ్మ తీసి కొత్త బొమ్మ పెట్టడానికి తెర ఇచ్చే సందు అంతే. ఆ సందులో మారిస్తే చూసేవారికి ఏమీ తెలియదు. దాటితే తెగుతుంది.

ఇంత చిన్న సందులో ఇరవై లక్షల పైచిలుకు పిక్సెళ్లను గీయడం కుదరదు గనక కంప్యూటర్లు బొమ్మను దాచుకునే జాగాలు, అంటే బఫర్లు, రెండు పెట్టుకుంటాయి. ఒకదాన్ని తెర చదువుతూ ఉంటుంది. రెండోదాంట్లో తర్వాతి బొమ్మ తయారవుతూ ఉంటుంది. వీ-బ్లాంక్ రాగానే తెరకు ‘ఇకమీదట దీన్ని చదువు’ అని రెండోదాని చిరునామా ఇస్తారు. చిరునామా మార్చడమే కాబట్టి క్షణంలో అయిపోతుంది. దీనికి పేజ్ ఫ్లిప్ అని పేరు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. చిలకలూరిపేట బస్టాండులో గుంటూరు బస్సు పావుగంటకొకటి ఉందనుకుంటే, అరనిమిషం ఆలస్యంగా వచ్చినవారు కూడా దాదాపు పావుగంట కూర్చోవాల్సిందే. బొమ్మల సంగతీ అంతే. 16.67 మిల్లీసెకన్లలో తయారుకావాల్సిన బొమ్మకు 17 పట్టిందంటే, అది తర్వాతి వీ-బ్లాంక్ దాకా ఆగాలి. ప్రతి బొమ్మా అలాగే ఆలస్యమైతే సెకనుకు 60 కావాల్సినవి 30కి పడిపోతాయి. అందుకే మూడో బఫరును కూడా పెట్టే పద్ధతి వచ్చింది. రెండో బొమ్మ తన వంతు కోసం ఆగి ఉండగా, యంత్రం ఊరికే కూర్చోకుండా మూడోదాన్ని మొదలుపెడుతుంది.

అందరి తెర, అజమాయిషీ లేని తెర

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడినవారికి చాలా ఏళ్లు ఈ చిరుగు బాగా తెలిసిన తలనొప్పి. దానికి కారణం చరిత్రలో ఉంది. లైనక్స్ కూడా చేరే యూనిక్స్ కుటుంబపు కంప్యూటర్లకు కిటికీలు, బొమ్మలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. 1987లో వచ్చిన దాని పదకొండో రూపమే ఎక్స్11. ఒక కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము బొమ్మను నెట్‌వర్కు మీదుగా ఇంకో కంప్యూటరు తెర మీద చూపించడం దాని గొప్పతనం. ప్రోగ్రాములు ‘ఇక్కడ గీత గియ్యి, అక్కడ రంగు నింపు’ అని చెబుతూ పోతాయి, ఎక్స్ గీస్తూ పోతుంది. ఒక బొమ్మ ఎప్పుడు పూర్తయిందన్న ఆలోచనే ఆ ఏర్పాటులో లేదు. తెర ఏ వరుసలో ఉందన్న పట్టింపూ లేదు.

మార్పు అంచెలంచెలుగా వచ్చింది. 2009 మార్చిలో వచ్చిన లైనక్స్ 2.6.29తో తెర రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు నిర్ణయించే పని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ చేతికి వెళ్లడం మొదలైంది. దాన్ని కెర్నెల్ మోడ్ సెట్టింగ్ అంటారు. అప్పటిదాకా కెర్నెల్‌కు బయట నడిచే ఎక్స్ ప్రోగ్రామే హార్డ్‌వేర్‌ను నేరుగా ముట్టుకునేది. మరుసటి ఏడాది 2.6.33లో పేజ్ ఫ్లిప్‌ను కెర్నెల్‌ను అడిగి చేయించుకునే వీలు వచ్చింది. 2013లో కీత్ ప్యాకార్డ్ ఎక్స్‌కు ప్రెజెంట్ అనే పొడిగింపు రాశారు. దాంతో ఒక ప్రోగ్రాము ‘ఈ బొమ్మను ఫలానా రిఫ్రెష్‌లో చూపించు’ అని అడగగలిగింది. చూపించిన తర్వాత, అది నిజంగా ఎప్పుడు తెరకెక్కిందో తిరిగి కబురు కూడా అందుకోగలిగింది.

అప్పటికే మరో దారి కూడా మొదలైంది. రెడ్ హ్యాట్‌లో పనిచేస్తున్న క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 2008లో వేలాండ్‌ను ప్రారంభించారు. మసాచుసెట్స్‌లోని ఒక ఊరి పేరు అది. సగం గీసిన బొమ్మ ఎన్నడూ కంటబడకూడదన్నది దాని మూలసూత్రం. ప్రోగ్రాము తన బొమ్మను పూర్తిగా తయారుచేసి అప్పగిస్తేనే కంపోజిటర్ అనే భాగం తీసుకుంటుంది. అన్ని కిటికీలనూ ఒకచోట పేర్చి, వీ-బ్లాంక్‌లో తెరకు అందిస్తుంది. తర్వాతి బొమ్మ గీయడానికి తగిన వేళ కాగానే ప్రోగ్రాముకు కబురు పెడుతుంది. తొలి స్థిర రూపం 2012 అక్టోబరులో వచ్చింది. 2016 నవంబరులో ఫెడోరా 25 అనే లైనక్స్ పంపిణీ దీన్నే మొదటి ఎంపికగా పెట్టింది. మరో పంపిణీ ఉబుంటు ఒకసారి పెట్టి, వెనక్కి తగ్గి, 2021 నాటి 21.04తో స్థిరపడింది.

మెదడు శాస్త్రవేత్త వేసిన కొలబద్ద

ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం కంప్యూటర్ కంపెనీలకు సంబంధించింది కాదు. జర్మనీలోని టూబింగెన్‌లో మాక్స్ ప్లాంక్ బయలాజికల్ సైబర్నెటిక్స్ సంస్థ ఉంది. మనిషి కన్ను, మెదడు చూపును ఎలా అర్థం చేసుకుంటాయో అక్కడ పరిశోధిస్తారు. తెర మీద ఒక చుక్క చూపించి, అది కనబడిన ఎన్ని మిల్లీసెకన్లకు మనిషి స్పందించాడో కొలవడం ఇటువంటి ప్రయోగాల్లో మామూలు. చుక్క ఎప్పుడు కనబడిందో కచ్చితంగా తెలియకపోతే ప్రయోగమంతా వృథా. ఇందుకోసం ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సైక్‌టూల్‌బాక్స్. దాన్ని తీర్చిదిద్దినవారిలో ప్రముఖుడు ఆ సంస్థలో పనిచేసిన మారియో క్లైనర్.

వీ-బ్లాంక్ వచ్చిందని గ్రాఫిక్స్ చిప్ కెర్నెల్‌కు సంకేతం పంపుతుంది. కానీ ఆ క్షణంలో ప్రాసెసర్ ఇంకేదో పనిలో ఉంటే సంకేతాన్ని ఆలస్యంగా పట్టించుకుంటుంది. అలా పట్టించుకున్న క్షణాన్నే వీ-బ్లాంక్ వేళగా రాసుకుంటే లెక్క తప్పుతుంది. క్లైనర్ దీనికో ఉపాయం చేశారు. సంకేతం చేతికి అందగానే, తెర ఇప్పుడు ఎన్నో వరుసలో ఉందని హార్డ్‌వేర్‌నే అడగాలి. పది వరుసలు ముందుకు జరిగిందని జవాబు వస్తే, వరుసకు 14.8 మైక్రోసెకన్ల చొప్పున 148 మైక్రోసెకన్లు వెనక్కి లెక్కగట్టాలి. అదే అసలు వేళ. ఈ కోడు 2011లో లైనక్స్ కెర్నెల్‌లో చేరింది.

తన ప్రయోగాలకు కావాల్సిన కొలబద్దను ఒక పరిశోధకుడు కెర్నెల్‌లోనే పెట్టగలిగారు. కోడు తెరిచి ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఆ కొలత ఇవాళ సినిమా చూసేవారికీ, ఆటలాడేవారికీ పనికొస్తోంది. కోడు మూసి ఉన్న వ్యవస్థలో ఆయన కంపెనీకి వినతి రాసి ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

యార్డులో చేతిలో ఉన్నది అదే

లైనక్స్ తమకు సంబంధం లేని వ్యవహారమని పల్నాటి పత్తి రైతో, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారో అనుకోవచ్చు. వారి జేబులోని ఆండ్రాయిడ్ ఫోను మాత్రం లైనక్స్ కెర్నెల్ మీదే నడుస్తోంది. 2025-26 సీజన్‌కు కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పత్తి అమ్మకాలకు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు, స్లాట్ బుకింగ్ పెట్టింది. ఇలాంటి యాప్ ఏదైనా తెరిచి వేలితో జరిపినప్పుడు, బొమ్మ వేలిని అంటిపెట్టుకుని కదలాలంటే లోపల వీ-సింక్ సరిగా నడవాలి.

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో అది సరిగా లేదు. వేలు ముందు పోయేది, తెర తడబడుతూ వెనక వచ్చేది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1, అంటే జెల్లీ బీన్‌లో గూగుల్ ‘ప్రాజెక్ట్ బటర్’ పేరుతో దీన్ని సరిదిద్దింది. అందులో ప్రధానమైన పనులు రెండు. యాప్‌లో గీయడం, యానిమేషన్లు, వేలి స్పర్శను చదవడం అన్నిటినీ వీ-సింక్ తాళానికి కట్టేశారు. వీ-సింక్ పడగానే కొరియోగ్రాఫర్ అనే భాగం యాప్‌ను నిద్రలేపి బొమ్మ గీయమంటుంది. గీసిన బొమ్మలన్నిటినీ సర్ఫేస్‌ఫ్లింగర్ అనే భాగం పేర్చి తెరకు అందిస్తుంది. అవసరమైనప్పుడు వాడుకోవడానికి మూడో బఫరునూ జోడించారు. అదే హార్డ్‌వేర్ మీద ఫోను కొత్తదానిలా కదిలింది.

దీన్ని ఎవరికి వారు కళ్లతో చూడొచ్చు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, హెచ్‌డబ్ల్యూయూఐ రెండరింగ్ ప్రొఫైల్ అన్నదాన్ని తెర మీద గీతలుగా చూపించమంటే, ఏ యాప్ జరిపినా అడుగున సన్నటి నిలువు గీతలు లేస్తాయి. ఒక్కో గీత ఒక్కో బొమ్మ. వాటి మీదుగా అడ్డంగా ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. అది 16.67 మిల్లీసెకన్ల హద్దు. నిలువు గీతలు దాని కిందే ఉంటే జరగడం నున్నగా ఉంటుంది. హద్దు దాటిన ప్రతిచోటా ఒక బొమ్మ తన వేళను తప్పిందని లెక్క. ఏ యాప్ బాగా రాశారో, ఏది అడ్డదిడ్డంగా రాశారో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

సినిమాకు 24, తెరకు 60

తెలుగువారికి సినిమా సంగతి వేరుగా చెప్పాలి. సినిమా తీసేది సెకనుకు 24 బొమ్మలతో. తెర చూపించేది 60. అరవైని ఇరవైనాలుగు నిశ్శేషంగా భాగించదు. కాబట్టి ఒక బొమ్మను మూడు రిఫ్రెష్‌ల పాటు, తర్వాతిదాన్ని రెండు రిఫ్రెష్‌ల పాటు చూపించి సర్దుతారు. ఒకటి 50 మిల్లీసెకన్లు, ఇంకొకటి 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. మిరప చేల మీదుగా కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాటులో ఈ హెచ్చుతగ్గు చిన్న కుదుపులా కనిపిస్తుంది. ఇక్కడ వీ-సింక్ సవ్యంగానే ఉంటుంది, చిరుగూ ఉండదు, కుదుపు మాత్రం ఉంటుంది. 120 హెర్ట్జ్ తెరలో ఒక్కో బొమ్మ సరిగ్గా అయిదు రిఫ్రెష్‌లు నిలుస్తుంది గనక ఈ బాధ లేదు.

దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఆ పద్ధతి వాడిన దేశాల్లో సినిమాను నాలుగు శాతం వేగం పెంచి 25కు సరిపెట్టడం మామూలు. మూడు గంటల సినిమా అలా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. ఎంపీవీ వంటి ఓపెన్ సోర్స్ ప్లేయర్లలో ఇదే ఉపాయాన్ని సున్నితంగా వాడుకునే ఏర్పాటు ఉంది. తెర అసలు రిఫ్రెష్ రేటును కొలిచి, వీడియో వేగాన్ని రవ్వంత మార్చి, చెవికి తెలియకుండా శబ్దాన్ని కూడా దానికి సరిపెడతాయి.

లెక్కనే తలకిందులు చేసిన పరిష్కారం కూడా వచ్చింది. బొమ్మ తెర కోసం ఆగే బదులు, బొమ్మ తయారయ్యేదాకా తెరే ఆగుతుంది. వీ-బ్లాంక్‌ను సాగదీయడమే ఇందులో కిటుకు. దీన్ని వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అంటారు. ఏఎండీ ఫ్రీసింక్‌కు లైనక్స్ కెర్నెల్ మద్దతు 2019లో 5.0తో వచ్చింది.

వీ-సింక్‌కు ఉన్న నిజమైన లోపం ఆలస్యం. బొమ్మ సిద్ధమైనా తన వేళ దాకా ఆగుతుంది కదా. తుపాకీ ఆటలు ఆడేవారికి ఆ కొద్ది మిల్లీసెకన్లూ బరువే, చిరుగుతో సర్దుకుంటాం గానీ ఆలస్యం వద్దంటారు. వారి మాటా ఓపెన్ సోర్స్ లోకం విన్నది. కావాలన్న ఆటకు మాత్రం చిరుగును అనుమతించే ప్రోటోకాల్‌ను 2022లో వేలాండ్‌కు చేర్చారు. అందుకు కావాల్సిన కెర్నెల్ పని 2024లో 6.8లో పూర్తయింది. మిగతావారికి మామూలు పద్ధతే.

కొనేముందు చూడండి

చిరుగు కనబడగానే కొత్త కంప్యూటరు కొనాల్సిన పనిలేదు. మన దగ్గర పాత యంత్రాల మీద లైనక్స్ నడిపే స్కూళ్లు, కాలేజీలు చాలా ఉన్నాయి. స్వేచ్ఛ అనే సంస్థ డెబియన్ అనే లైనక్స్ పంపిణీ ఆధారంగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. అలాంటి చోట్ల ముందు మూడు సంగతులు చూసుకోవాలి. లాగిన్ తెర మీద వేలాండ్ సెషన్ ఎంచుకునే వీలుంటే అదే ఎంచుకోవాలి. పాత ఎక్స్‌తోనే నడపాల్సి వస్తే ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లలో టేర్‌ఫ్రీ అనే ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు మానిటరుకు తగినదే ఉందో లేదో సరిచూసుకోవాలి. వీటికి పైసా ఖర్చు లేదు.

సింక్ పనిచేస్తోందో లేదో తేల్చడానికి జీఎల్ఎక్స్‌గేర్స్ అనే చిన్న ప్రోగ్రాము చాలు. మూడు పళ్లచక్రాలు తిరుగుతూ, అయిదు సెకన్లకోసారి ఎన్ని బొమ్మలు గీసిందో చెబుతుంది. 60 హెర్ట్జ్ మానిటరు మీద సింక్ సరిగా ఉంటే అయిదు సెకన్లకు సుమారు 300 వస్తాయి. సింక్ ఆపి నడిపితే సెకనుకే వేలల్లో చూపిస్తుంది. ఆ వేలు చూసి మురిసిపోయేవారున్నారు గానీ, తెర చూపించగలిగేది అరవయ్యే. మిగతావన్నీ వృథాగా గీసినవి, వాటికైన కరెంటు కూడా వృథాయే.

ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇందులో ఇంకా పెద్ద అవకాశం ఉంది. కెర్నెల్‌లో తెర విభాగపు మార్పుల చిట్టా తిరగేస్తే తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి. చిప్ కంపెనీల ఉద్యోగులుగా వారు ఆ పని చేస్తున్నారు. ఉద్యోగం రాకముందే ఆ పని నేర్చుకునే దారి కూడా ఉంది. వీకేఎంఎస్ అనే డ్రైవరు అసలు తెరే లేకుండా, టైమర్‌తో వీ-బ్లాంక్‌ను సృష్టించి నడుస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకుని దాన్ని విప్పి చూడొచ్చు, మార్చి చూడొచ్చు. 2018లో ఆ డ్రైవరుకు ప్రాణం పోసినవారు అప్పుడే కెర్నెల్ పనిలో అడుగుపెట్టిన ఇద్దరు యువ ప్రోగ్రామర్లు. కొత్తవారికి పని నేర్పే కార్యక్రమాల్లో, ఒకరు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా, ఇంకొకరు ఔట్‌రీచీ ద్వారా వచ్చారు.

బాపట్లలో, ఒంగోలులో, వడ్లమూడిలో, గుంటూరులో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు దీనికి కావాల్సినవన్నీ అందుబాటులోనే ఉన్నాయి. సి భాష సిలబస్‌లోనే ఉంది. కోడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. గ్రాఫిక్స్ పనికే ప్రత్యేకంగా ఎక్స్.ఆర్గ్ ఫౌండేషన్ ‘ఎండ్‌లెస్ వెకేషన్ ఆఫ్ కోడ్’ పేరుతో విద్యార్థులకు భత్యం ఇచ్చి, అనుభవజ్ఞుల చేత పని నేర్పిస్తుంది. వేసవి సెలవుల్లోనే చేయాలన్న నియమం దానికి లేదు. అధ్యాపకులు ఫైనలియర్ ప్రాజెక్టుల జాబితాలో వీకేఎంఎస్‌ను కూడా చేర్చాలి.